వగైరా లేని ప్రార్థన

మా పెదనాన్న నోట 'వగైరా' అనే మాట నేను పుట్టాక ఒక్కసారి కూడా వినలేదు. నేను పుట్టకముందు కూడా అనలేదని మా పెద్దమ్మ ఒట్టు పెట్టి చెబుతుంది. 'వగైరా' ఒక్కటే కాదు, 'మొదలైనవి' అన్నా, 'అన్నీ' అన్నా, 'అందరూ' అన్నా ఆయనకు పడదు. లోకంలో ఏది ఉన్నా సరే, దాన్ని విడిగా, పేరు పెట్టి, వరసలో నిలబెట్టి చెప్పాల్సిందే.

ఫోన్ చేసి, "పెదనాన్నా, ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగామంటే మన పని అయిపోయినట్టే.

"మీ పెద్దమ్మ బాగుంది. మీ అన్నయ్య బాగున్నాడు. వాడి కుడి మోకాలు బాగుంది, ఎడమదే కాస్త పట్టేస్తోంది. కుక్క బాగుంది. ఫ్రిజ్ రెండ్రోజులుగా మూలుగుతోంది గానీ కంగారేం లేదు. కుళాయి బాగుంది. వంటింటి కుళాయి సంగతి చెప్పాను, స్నానాలగదిది వేరే..."

ఈ వరస పెరటి గోడ దాకా వచ్చేసరికి అసలు ఫోన్ ఎందుకు చేశామో మనకే గుర్తుండదు.

ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. "ఎక్కడ నొప్పి?" అని అడిగిన పాపానికి, ఎక్కడెక్కడ నొప్పి లేదో ముందు మనవి చేసుకున్నాడట. నడినెత్తిన మొదలుపెట్టి, రెండు చెవులూ విడివిడిగా పూర్తి చేసి, మడమ దగ్గరికి వచ్చేసరికి డాక్టరు తన నాడి తానే పట్టుకుని చూసుకుంటున్నాడట. ఇది పెద్దమ్మ చెప్పిన సంగతి. పెద్దమ్మ ఏదైనా కాస్త కలిపే చెబుతుంది.

నిజానికి ఆయన్ని అని లాభం లేదు. చేసిన ఉద్యోగం అలాంటిది. పెదనాన్న రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఏ బండి, ఏ ప్లాట్‌ఫారం, ఏయే స్టేషన్లలో ఆగుతుంది అని మైకులో చెప్పే పని. ప్రతి స్టేషన్లోనూ ఆగే ప్యాసింజరు బండి వస్తే ఆయనకు పండగే. పెద్ద స్టేషన్ల పేర్లు చెప్పి వదిలెయ్యమని స్టేషన్ మాస్టరు మొత్తుకునేవాడు. పెదనాన్న వినేవాడు కాదు. ఆయన సగం పేర్లు చదివేలోపు బండి కదిలి వెళ్ళిపోయి, మిగతా సగం ఖాళీ పట్టాలకి వినిపించిన రోజులున్నాయి.

ఆ తర్వాత ఆ పనికి మెషీన్ పెట్టారు. పెదనాన్న రిటైరయ్యాడు. గొంతు మాత్రం రిటైరవలేదు. అది తిన్నగా మా చర్చికి వచ్చి కూర్చుంది.

మా చర్చిలో ఏడాదికో ఆదివారం 'సృష్టి సభ' జరుగుతుంది. ఇంటికి రెండు వస్తువులు తేవాలి. ఒకటి పెంచింది, ఒకటి చేతులతో చేసింది. చర్చి పక్కనున్న పచ్చికలో బల్లలు వేసి, కాయలూ పూల కుండీలూ ఒకవైపు, బొమ్మలూ అల్లికలూ పిల్లల రంగుల కాగితాలూ ఇంకోవైపు పెడతారు. బహుమతులు లేవు, పోటీ లేదు. పొద్దున్నంతా చూసుకోవడం, పాటలు, చివర్లో వందన ప్రార్థన, ఆపైన భోజనాలు. భోజనాల బాధ్యత నాది. చివరి ప్రార్థన పెదనాన్నది.

ఆ ప్రార్థన తప్ప ఆ సభకి ఆయన తెచ్చేది ఇంకేమీ లేదు. ఆయన చేతి మహిమ అలాంటిది. ఆయన నీళ్ళు పోస్తే మనీప్లాంటు ఎండిపోయింది. ఆయన దుమ్ము దులిపితే ప్లాస్టిక్ పువ్వు రాలిపోయింది. మేకు కొడతానంటే ఇంట్లోవాళ్ళం గోడకి అడ్డం నిలబడతాం. పెంచిందీ చేసిందీ రెండూ పెద్దమ్మే తెస్తుంది. పెదనాన్న నోరు తెస్తాడు.

"దేవా, దయచేసి వినండి!" అని మొదలుపెడతాడు. మేమంతా దేవుణ్ణి 'నువ్వు' అనే పిలుస్తాం. ప్రయాణికులతో మాట్లాడిన అలవాటు కొద్దీ పెదనాన్న ఒక్కడే 'మీరు' అంటాడు.

"ఒకటో నంబరు బల్ల మీదికి వచ్చి ఉన్న టైలరుగారి సొరకాయ కోసం మీకు వందనాలు. సొరకాయ మెడ వంకర తిరిగింది గానీ అందులో టైలరుగారి తప్పేమీ లేదు, పందిరి కర్ర అడ్డొచ్చింది. ఆ పందిరి కర్ర కోసం వందనాలు. సొరకాయ మీద నడుస్తున్న చీమ కోసం వందనాలు. అది ఎవరూ తెచ్చింది కాదు, సొంతంగానే వచ్చింది..."

ఇలా ఒకటో బల్ల అయ్యేసరికి పిల్లలు గడ్డి మీద కూలబడతారు. రెండో బల్లకి పెద్దలు కూలబడతారు. మూడో బల్లకి నా కూర చల్లారిపోయి పైన మీగడ కడుతుంది.

ఆపాలని చూడని ఏడాది లేదు. ఒకసారి మధ్యలో పాస్టరుగారు గట్టిగా "ఆమెన్!" అన్నారు. ఇదే సందని మేమంతా "ఆమెన్!" అని అరిచాం.

"అవును దేవా, వంకాయలకి ఆమెన్," అన్నాడు పెదనాన్న. "ఇక టమాటాల విషయానికి వస్తే..."

ఇంకోసారి మైకు తీగ లాగేశారు. మైకు లేకుండా ఆయన గొంతు ఇంకా బాగా వినబడింది. వీధి చివర సైకిల్ తొక్కుకుంటూ పోతున్న ఎవరో దిగి, టోపీ తీసి నిలబడిపోయాడు.

మా అందరిలోకీ ఎక్కువ మండిపడేది బేకరీ బాబాయి. సభ ఏర్పాట్లన్నీ ఆయనే చూస్తాడు. ఆయన ప్రతి ఏడూ పిండితో ఒక జంతువుని చేసి, కాల్చి, చేసిన వస్తువుగా తెస్తాడు. పోయినేడు తాబేలు చేశాడు. అదే కొంప ముంచింది.

పోయినేడు పాలాయన పెంచిన వస్తువు కింద తన మేకని తెచ్చాడు. పెంచినదే కదా, కాదనడానికి లేదు. ప్రార్థన మొదలైంది. అందరం కళ్ళు మూసుకున్నాం. పెదనాన్న క్యాబేజీ దగ్గరికి వచ్చి, దాని పొరపొరకీ వందనాలు చెబుతున్నాడు. ఎక్కడో పరపరా నములుతున్న చప్పుడు. ఎవరో ఆకలికి ఆగలేకపోయారనుకుని నేను లోలోపల తిట్టుకున్నాను. ఆఖరికి "ఆమెన్" అని కళ్ళు తెరిచి చూస్తే, ఏ క్యాబేజీ కోసం అంతసేపు వందనాలు చెప్పామో ఆ క్యాబేజీ లేదు. బల్ల మీద మేక ఉంది. మేక నోట్లోంచి తాబేలు తల బయటికి చూస్తోంది.

"నా తాబేలు!" అని బేకరీ బాబాయి కేక పెట్టాడు.

పెదనాన్న వెంటనే మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. "దేవా, ఈ మేక ఆకలి తీర్చినందుకు..."

ఆ దెబ్బతో ఈ ఏడు సభకి ముందే బేకరీ బాబాయి మీటింగు పెట్టించాడు. పాస్టరుగారు మెత్తటి మనిషి. ఎవర్నీ ఏమీ అనలేరు, అందుకని అందరి మాటా పడతారు.

"అన్నయ్యా, మూడే మూడు వాక్యాలు," అన్నాడు బేకరీ బాబాయి. "నాలుగోది నీ నోట్లోంచి వచ్చిందా, వచ్చే ఏడు నుంచి ప్రార్థన ఇంకొకళ్ళు చేస్తారు. అంతే కదా పాస్టరుగారూ?"

పాస్టరుగారు పైకప్పు వంక చూశారు. "అంటే... మరీ మూడని కాదు గానీ... మూడనుకోండి."

పెదనాన్న ఇంతెత్తున లేస్తాడనుకున్నాను. లేవలేదు. "అలాగే తమ్ముడూ," అన్నాడు. ఇంటికి వచ్చేదాకా దారిలో ఒక్క షాపు బోర్డు కూడా పైకి చదవలేదు. నాకు భయం వేసింది.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి సాధన జరుగుతోంది. పెద్దమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింటోంది. పెదనాన్న చేతులు కట్టుకుని, పోయినేటి సొరకాయతోనూ, దాని పక్కన గుమ్మడికాయతోనూ, దాని ఎదురుగా కుట్టుపూల దుప్పటితోనూ సాగిపోతున్నాడు.

"ఆగండాగండి. ఇది ఎన్నో వాక్యం?" అంది పెద్దమ్మ.

"మొదటిదే. ఇంకా ఫుల్‌స్టాప్ పెట్టలేదుగా."

"వాక్యమా అది? గూడ్సు బండి!"

"పెదనాన్నా," అన్నాను నేను, "అన్నిటి కోసం వందనాలు అంటే సరిపోదూ? దేవుడికి ఏమేం తెచ్చారో తెలీదా?"

"దేవుడికి తెలుసే. ఆయనకి చెప్పాలని కాదు." పెదనాన్న కుర్చీలో కూర్చున్నాడు. "మా లైన్లో ఒక బుల్లి స్టేషన్ ఉండేది. ఒక బెంచీ, ఒక పంపు, ఒక గడియారం. ఆ గడియారం కూడా నడిచేది కాదు. నేను సెలవు పెట్టిన రోజు, నా బదులు వచ్చినతను ఆ పేరు వదిలేశాడు. మర్నాడు ఒక ముసలావిడ నా కిటికీ దగ్గరికి వచ్చి, 'బాబూ, నిన్న మా ఊరి పేరు చెప్పలేదు, మా ఊరు తీసేశారా?' అంది."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఆ పేరు మాత్రం రెండుసార్లు చదివేవాణ్ణి."

"అందుకేనమ్మా బళ్ళన్నీ ఆలస్యం," అంది పెద్దమ్మ, చిక్కుడు తొక్కలు ఎత్తిపోస్తూ.

సభ రోజు వచ్చింది. మేకని గేటు బయట, రెండు తాళ్ళతో కట్టారు. బేకరీ బాబాయి ఈసారి మొసలిని చేశాడు. మేక మొసలి జోలికి రాదని ఆయన ధైర్యం. మూరెడు పొడవు, నోరు తెరుచుకుని, బంగారు రంగులో కాలి, చూడముచ్చటగా ఉంది. ఒక్కటే చిక్కు. పొయ్యిలో దాని కాలు కాస్త పక్కకి జరిగిందో, మూతి కాస్త పొంగిందో గానీ, చూసినవాళ్ళెవరికీ అది మొసలిలా తోచలేదు.

"అబ్బ, బల్లి భలే కుదిరిందండీ," అంది టైలరుగారి భార్య.

"బల్లి కాదమ్మా..." అని బేకరీ బాబాయి అనేలోపే ఆవిడ గుమ్మడికాయ దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఉడుమా?" అన్నారు పాస్టరుగారు, మెచ్చుకోలుగా.

"ఈయనకి ఇంట్లో బల్లుల బెడద ఉన్నట్టుంది పాపం," అని పెద్దమ్మ నా చెవిలో అంది. అంది గానీ, పెద్దమ్మ గుసగుస పది మందికి వినబడుతుంది. బేకరీ బాబాయి ముఖం మాడిపోయింది.

పెదనాన్న మాత్రం ఎప్పటిలాగే చేతులు వెనక్కి కట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతున్నాడు. ప్రతి ఏడూ ఇంతే. కనబడిన ప్రతివాళ్ళనీ ఏదో ఒకటి అడుగుతాడు. ఆ ముల్లంగి ఎందుకలా రెండు కాళ్ళేసుకుంది, ఈ బొమ్మలో సూర్యుడికి మీసాలెందుకు, ఆ అల్లికలో ఆకుపచ్చ ఎక్కడ అయిపోయి నీలం ఎత్తుకున్నారు అని. మొసలి దగ్గర ఆగాడు.

"మొసలే కదా తమ్ముడూ?"

బేకరీ బాబాయి చుట్టూ చూసి, "మొసలే అన్నయ్యా," అన్నాడు నెమ్మదిగా.

"కళ్ళకి ఏం పెట్టావు?"

"ఎండుద్రాక్ష."

"పళ్ళకి?"

"బాదం పలుకులు. ఒక్కొక్కటీ చెక్కి పెట్టాను," అన్నాడు బేకరీ బాబాయి. అలిగి ఉన్న సంగతి కూడా మర్చిపోయాడు.

నేను నీళ్ళ కోసం డ్రమ్ము దగ్గరికి వెళ్తే, దాని వెనకాల పెదనాన్న మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం పోయింది పెదనాన్నా?"

"పోలేదే, దొరికింది. ఇక్కడొక నిమ్మ మొక్క దాక్కుంది."

పాల డబ్బాలో నాటిన మొక్క. ఉన్నవి రెండే ఆకులు. బల్ల మీద పెట్టడానికి సిగ్గేసి ఎవరో వెనకాల పెట్టినట్టుంది.

"ఎవరిదో కనుక్కోవాలి," అన్నాడు.

"ఎందుకు? నువ్వు చెప్పేది మూడు వాక్యాలేగా?"

"చెప్పకపోతే మాత్రం? తెలుసుకోవద్దూ?" అని లేచి, ప్యాంటు దులుపుకుని, ఆ మొక్క ఎవరిదో అడుగుతూ జనంలోకి వెళ్ళిపోయాడు.

ప్రార్థన వేళయింది. పాస్టరుగారు అలవాటు కొద్దీ కుర్చీలో వెనక్కి వాలి, చెప్పులు విప్పుకోవడం మొదలుపెట్టారు. టైలరుగారు దిండు సర్దుకున్నాడు. అందరం కళ్ళు మూసుకున్నాం.

"దేవా, దయచేసి వినండి. ఈ బల్లల మీద ఉన్న... ఉన్న..." ఆ మాట దగ్గర పెదనాన్న తడబడ్డాడు. "...అన్నిటి కోసం, తెచ్చిన అందరి కోసం మీకు వందనాలు. భోజనం కోసం వందనాలు. ఆమెన్."

ఎవరూ కళ్ళు తెరవలేదు. నమ్మకం కుదరలేదు. కాసేపటికి ఒక్కొక్కరం ఒక్కో కన్నూ తెరిచి చూశాం. పాస్టరుగారి ఒక చెప్పు ఇంకా కాలికే ఉంది. పెదనాన్న నేల చూస్తూ నిలబడ్డాడు.

నేను సంబరంగా గిన్నెల మూతలు తీశాను. కూరలోంచి ఆవిరి లేచింది. ఆ సభలో ఆవిరి చూడటం అదే మొదటిసారి. "రండి, వేడివేడిగా ఉంది!" అని పిలిచాను.

ఒక్కరూ రాలేదు.

ఎవరి వస్తువు దగ్గర వాళ్ళు నిలబడిపోయారు. టైలరుగారు సొరకాయని అటూ ఇటూ తిప్పుతున్నాడు. మీసాల సూర్యుణ్ణి గీసిన పాప వాళ్ళమ్మ కొంగు లాగుతూ, "నాది ఎప్పుడు చెబుతారు?" అంటోంది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు ఒకావిడ ఈ మధ్యే మా చర్చికి వస్తోంది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఆవిడ నీళ్ళ డ్రమ్ము వెనక్కి వెళ్ళి తన డబ్బా తీసుకుని గేటు వైపు నడుస్తోంది. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మా ఊరు తీసేశారా అని అడిగిన ముసలావిడ గుర్తొచ్చింది నాకు.

బేకరీ బాబాయి రెండుసార్లు దగ్గాడు.

"అన్నయ్యా... అయిపోయిందా?"

"అయిపోయింది తమ్ముడూ. 'దయచేసి వినండి'తో కలిపి మూడే."

"లెక్క సరేలే. మరి... నా మొసలి?"

"మొసలా?" అంది టైలరుగారి భార్య. "అది బల్లి కాదూ?"

"చూశావా అన్నయ్యా!" బేకరీ బాబాయి మొసలిని రెండు చేతులా ఎత్తి చూపించాడు. "నువ్వు చెప్పకపోతే ఇదీ నా గతి! పొద్దుట్నుంచీ బల్లి, బల్లి, బల్లి! పాస్టరుగారైతే ఉడుమన్నారు!"

"నా సొరకాయ సంగతీ తేల్లేదు," అన్నాడు టైలరుగారు.

"నా సూర్యుడు!" అంది పాప.

"మూడు వాక్యాలన్నావు కదా తమ్ముడూ," అన్నాడు పెదనాన్న, కాస్త బెట్టుగా.

"అన్నాను. ఆకలి మీద అన్నాను. ఆకలి మీద మనిషి ఏమైనా అంటాడు. మొదలెట్టు, నీకు దణ్ణం పెడతాను!"

పెదనాన్న పాస్టరుగారి వంక చూశాడు. పాస్టరుగారు రెండో చెప్పు కూడా విప్పేశారు. అంతే, పెదనాన్న ఛాతీ విరుచుకుని గేటు వైపు తిరిగాడు. పాత గొంతు లేచింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! నిమ్మ మొక్కతో వెళ్తున్నవారు దయచేసి వెనక్కి రాగలరు! బండి ఇంకా బయల్దేరలేదు!"

గేటు బయట మేక ఉలిక్కిపడింది. నర్సు ఆగిపోయి, సిగ్గుపడుతూ వెనక్కి వచ్చి, డబ్బాని బల్ల మీద పెట్టింది. ఈసారి ముందు వరసలోనే పెట్టింది.

ఆ రోజు చేసినంత పొడుగు ప్రార్థన పెదనాన్న ఎప్పుడూ చేయలేదు. సొరకాయ మెడా, సూర్యుడి మీసాలూ, ముల్లంగి కాళ్ళూ ఒక్కటీ పోలేదు. మొసలి దగ్గర, "ఇది మొసలి దేవా, ఎవరేమన్నా మీరు నమ్మకండి," అన్నాడు. బేకరీ బాబాయి కళ్ళు మూసుకునే అందరి వంకా తల తిప్పి చూశాడు. నిమ్మ మొక్క దగ్గరికి వచ్చి, "మొదటి ఆకు కోసం వందనాలు," అని కాస్త ఆగాడు. "రెండో ఆకు నిన్న పొద్దున డ్యూటీ నుంచి వచ్చేసరికి విప్పారిందట, దాని కోసం వందనాలు." నర్సు కిసుక్కున నవ్వింది. ప్రార్థనలో నవ్వినందుకు నోరు మూసుకుని, ఆగక మళ్ళీ నవ్వింది. పెదనాన్న మీద నాకు ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. గిన్నెల మీద మూతలు పెట్టేశాను. చల్లారితే చల్లారనీ అనుకున్నాను.

చివరికి "ఆమెన్" పడింది. అందరూ ఆవురావురుమంటూ కదలబోతుంటే బేకరీ బాబాయి చెయ్యెత్తాడు.

"అన్నయ్యా, ఒకటి మర్చిపోయావు."

పెదనాన్న ముఖం పాలిపోయింది. బల్లలన్నీ గబగబా కళ్ళతో వెతుక్కున్నాడు. "లేదే! ఏది? ఏ బల్ల మీద?"

"బల్ల మీద లేదు. నువ్వే. పెంచిందీ లేదు, చేసిందీ లేదు, నీ పేరు ఏ ఏడూ రాదు. ఉండు, నేను చెబుతాను." బేకరీ బాబాయి కళ్ళు మూసుకున్నాడు. ఆయనకి పైకి ప్రార్థన చేసే అలవాటు లేదు. పైగా కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. "దేవా, ఈ అన్నయ్య కోసం వందనాలు. ఆయన గొంతు కోసం, ఓపిక కోసం, వగైరా వగైరాల కోసం..."

పక్కనే తల వంచుకుని నిలబడ్డ పెదనాన్న ఒక కన్ను తెరిచి, మోచేత్తో బేకరీ బాబాయిని పొడిచాడు.

"అంటే ఏంటి తమ్ముడూ? వివరంగా చెప్పు."

నేను పొయ్యి మళ్ళీ వెలిగించాను.